మా స్పాక్ అలాంటివాడు కాదు

ఒరేయ్ నాయనా, మీరు చూసేవి కూడా సీరియళ్ళేనా? గంట చూసినా ఎవడు మంచివాడో ఎవడు చెడ్డవాడో తేలదు. మా రోజుల్లో ఎంత సుఖమని! ఎనభైల్లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో ‘స్టార్ ట్రెక్’ వచ్చేది. అమెరికావాళ్ళు 1966లో మొదలెట్టి, మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు తీసి ఆపేసిన సరుకు మా చిక్కడపల్లి చేరేసరికి ఇరవై ఏళ్ళు పట్టింది. చేరితేనేం, మాకు కొత్తే. ఎదురు వాటావాళ్ళకి చెక్క తలుపుల టీవీ ఉండేది. ఆ ఇంటాయన గర్భగుడి తెర తీసినంత భక్తిగా ఆ తలుపులు తీసేవాడు. చాప మీద మేం పదిహేనుమందిమి. ఇంగ్లీషు సగం బోధపడేది కాదు. మిగతా సగం అంతరిక్ష ఓడ నడిపే కెప్టెన్ కిర్క్ మొహం చూసి పోల్చుకునేవాళ్ళం.

ఆయన పక్కన స్పాక్. కోసు చెవులు, తండ్రి వల్కన్ గ్రహంవాడు, తల్లి మనిషి. తర్కం తప్ప రెండో మాట లేదు. డాక్టర్ మెకాయ్ ఎంత ఎగిరిపడినా ఈయన ఒక్క కనుబొమ్మ పైకి లేపేవాడు, అంతే. నేనూ ఓసారి ఆఫీసులో లేపి చూశాను. కంట్లో నలక పడిందా అని అడిగాడు మా హెడ్ గుమాస్తా.

ఒక ఎపిసోడ్‌లో అంతరిక్షంలోంచి పేద్ద చెయ్యి వచ్చి ఓడను గుప్పిట పట్టుకుంటుంది. గ్రీకుల అపోలో దేవుడిది. నన్ను పూజించండి, వదిలేస్తానంటాడు. పత్తి ఒత్తులు చేసుకుంటూ చూస్తున్న మా అమ్మ, ఆ చెయ్యి కనబడగానే ఒత్తులు పక్కన పెట్టి దణ్ణం పెట్టింది. కిర్క్ ఊరుకుంటాడా? పైనున్న ఓడలోంచి ఆ గుడిని కాల్పించేశాడు. దేవుడు ఏడ్చి ఏడ్చి గాల్లో కలిసిపోయాడు. ‘ఎవరి దేవుడైతేనేం, ఉసురు తగుల్తుంది’ అని అమ్మ రెండు రోజులు గొణిగింది. నాకు మాత్రం లెక్క తేలిపోయింది. తర్కం గెలిచింది, దేవుడు ఓడాడు, ఇంక ఇడ్లీ తినొచ్చు. చివర్లో కిర్క్ కూడా బాధపడ్డాడని మొన్న మళ్ళీ చూస్తే తెలిసింది. అప్పట్లో నా ఇంగ్లీషుకి ఆ బాధ అందలేదు. అందకపోవడమే మంచిదైంది.

ఇప్పుడు మా మనవడు ‘డీప్ స్పేస్ నైన్’ అని పట్టుకొచ్చాడు. ఇంటిపేరు అదే ‘స్టార్ ట్రెక్’, 1993లో మొదలైంది. ఇందులో ఓడ ఊరూరా తిరగదు. ఓ స్టేషన్, దానికో కమాండర్, పేరు సిస్కో. పక్కనున్న బజోర్ గ్రహంవాళ్ళకి ఆయన దైవం పంపినవాడు. వాళ్ళ దేవుళ్ళుండేది అంతరిక్షంలో ఒక సొరంగంలో. ఆయన పైఆఫీసువాళ్ళేమో వాళ్ళు దేవుళ్ళూ కాదు దెయ్యాలూ కాదు, సొరంగంలో కాపరమున్న వేరే జీవులంటారు. ఇద్దరూ చెప్పేది ఒకళ్ళ గురించే! మా కిర్క్ అయితే గంటలో తేల్చేసేవాడు. ఈయన ఏడు సీజన్లు నానుస్తాడు. మొదట్లో ఆ మొక్కులకి మొహమాటపడతాడు, చివరికి తనే నమ్ముతాడు. అదీ చాలక, దీనికి రాసిన రొనాల్డ్ మూరే తర్వాత ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ను కొత్తగా తీశాడట. అందులో మనుషులకి బోలెడుమంది దేవుళ్ళు, యంత్రాలకి ఒక్కడే దేవుడు. యంత్రానికి భక్తేమిట్రా! రేపు మా గ్రైండరు ఏకాదశి ఉపవాసమంటే పిండెవరు రుబ్బుతారు?

సరే, 1998లో వచ్చిన ఎపిసోడొకటి చూపించాడు. సిస్కో పక్షంవాళ్ళు యుద్ధంలో ఓడిపోతున్నారు. గట్టున కూర్చున్న రోములన్లనే మరో జాతివాళ్ళని తమ పక్షం లాగాలని సిస్కో ఒక దర్జీ సాయంతో దొంగసాక్ష్యం పుట్టిస్తాడు. దర్జీ అంటే ఒకప్పటి గూఢచారి. చూడ్డానికి వచ్చిన రోములన్ సెనేటర్ అది నకిలీ అని పసిగడతాడు. దర్జీ ఆయన ఓడనే పేల్చేస్తాడు. నేరం శత్రువుల మీదికి పోతుంది, రోములన్లు యుద్ధంలోకి దిగుతారు, పని జరిగిపోతుంది. సిస్కో గ్లాసు పట్టుకుని, మనకేసి చూస్తూ, దీంతో బతికేయగలనంటాడు. అన్నాక ఆ చెప్పిందంతా చెరిపేయమంటాడు. నాకు రాత్రంతా నిద్ర లేదు. హీరో అన్నవాడు చేసే పనేనా? మా స్పాక్ అయితేనా!

‘మీ స్పాక్ మాత్రం? చిన్న ఓడలో ఇరుక్కుపోయినప్పుడు ఉన్న ఇంధనమంతా తగలబెట్టలేదూ, ఎవరైనా చూడకపోతారా అని? అది తర్కమా, మొక్కా?’ అన్నాడు వెధవ. ఆ తర్వాత స్పాక్ దాన్ని కూడా తర్కమేనని బుకాయించాడు కదా అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది: ‘ధర్మరాజు ఆడలేదుటండీ అబద్ధం, ద్రోణుడితో? అదీ యుద్ధం గెలవడానికేగా!’

‘ఆడగానే నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచే రథం కిందికి దిగిందే. ఈయన స్టేషను అంగుళమైనా దిగిందా?’ అన్నాను. ఇంక నోరెత్తదనుకున్నాను.

‘స్టేషను సంగతి నాకు తెలీదు. చివర్న ఆయన మొహం చూళ్ళేదూ? జానెడు దిగింది’ అంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు ఆవిడకి.

మా రోజుల్లో ఆడవాళ్ళు చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ టీవీ చూసేవాళ్ళే గానీ వాదించేవాళ్ళు కాదు. అంటే, వాదించేవాళ్ళేనేమో. నేను వినేవాణ్ణి కాదు.