నలభై గుర్రాల చిన్నాన్న

మా చిన్నాన్నని “కారెలా ఉంది?” అని అడక్కూడదు. బస్తర్‌లోని జగదల్‌పూర్‌లో మావాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. కొత్త అల్లుడెవరైనా మర్యాదకి అడిగేశాడో, ఆ పూట భోజనాలు గంట ఆలస్యం. చిన్నాన్న అతని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి తీసికెళ్తాడు, బానెట్ లేపుతాడు, “విను” అంటాడు. అల్లుడికి కారు చప్పుడు వినిపిస్తుంది. చిన్నాన్నకి మూడో సిలిండర్ ట్యాపెట్ వినిపిస్తుంది.

ఆ కారు ప్రీమియర్ పద్మిని. ఇటలీ ఫియట్ 1100కి బొంబాయి కుర్లాలో పుట్టిన సంతానం. ఇంజిన్ 1089 సీసీ, బలం 40 గుర్రాలు, బండి బరువు 900 కిలోలకి కాస్త అటూ ఇటూ. అంటే ఒక్కో గుర్రం ఇరవై రెండున్నర కిలోలు లాగాలని చిన్నాన్న లెక్క. ఇందులో మనుషుల్ని కలపలేదు. మనుషులెక్కితే లెక్క పాడవుతుందని ఆయన ఎవర్నీ ఎక్కించుకోవడానికి ఇష్టపడడు. పిన్ని ఎక్కితే మాత్రం ఏమీ అనడు, స్పీడోమీటర్ వైపు దిగులుగా చూస్తాడు.

ఇలాంటివాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. ఒకాయనకి స్టాండర్డ్ హెరాల్డ్, ఇంకొకాయనకి మోరిస్ మైనర్. అమ్మెయ్యమంటే కోపం, కొత్తది కొనుక్కోమంటే ఇంకా కోపం. వాళ్లు వేగం కోసం తాపత్రయపడుతున్నారని మనం అనుకుంటాం. కాదు. వాళ్లకి కావలసింది తేడా. ప్లగ్గులు మార్చినా, ఎయిర్ ఫిల్టర్ దులిపినా, పక్కన మనల్ని కూర్చోబెట్టుకుని ఊరి చుట్టూ ఒక రౌండు కొట్టి “తేడా తెలిసిందా?” అంటారు. తెలిసిందనేదాకా ఇల్లు చేర్చరు.

చిన్నాన్న తేడాలన్నిటికీ పరీక్ష కేశ్‌కాల్ ఘాటీ. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ వచ్చే హైవే మీద, కాంకేర్ దాటాక, పన్నెండు మలుపుల ఎక్కుడు. దారిలో తేలిన్ మాత గుడి దగ్గర లారీలవాళ్లు ఆగి దండం పెట్టుకుంటారు. చిన్నాన్న కూడా ఆగుతాడు. దండం ముందు బానెట్ కింద. ఎండకి, ఎక్కుడుకి ఇంజిన్ కాలిపోయి పంపులోనే పెట్రోలు ఆవిరైపోతే కార్బొరేటర్‌కి చుక్క అందదు. బండి రెండు దగ్గులు దగ్గి ఊరుకుంటుంది. అందుకని సీటు కింద ఒక నీళ్ల సీసా, పిన్ని పాత జాకెట్టు గుడ్డా ఎప్పుడూ ఉంటాయి. గుడ్డ తడిపి, నాలుగు మడతలు పెట్టి, కొసలు పిండి, జ్వరం పిల్లాడి నుదుటి మీద వేసినట్టు పెట్రోల్ పంపు మీద వేసి, చల్లబడేదాకా పక్కనే నిలబడతాడు. ఆ జాకెట్టు ఎవరి పెళ్లికి కుట్టించుకుందో పిన్నికి ఇంకా గుర్తే.

ఘాటీ ఎక్కాక అందరూ “క్షేమంగా వచ్చాం” అని ఫోన్ చేస్తారు. ఈయన “ఐదో మలుపు దాకా సెకండ్‌లోకి దింపలేదురా” అని చేస్తాడు. వెనక సీట్లో ఉన్న మా తమ్ముణ్ణి విడిగా అడిగితే మూడో మలుపంటాడు.

ఆయన సిద్ధాంతంలో మాత్రం తప్పు పట్టడానికేమీ లేదు. ఇంజిన్ బలమంతా ఊపిరిలో ఉంది. ఎంత గాలి పీలిస్తే అంత పెట్రోలు కాలుతుంది, ఎంత కాలితే అంత బలం. జగదల్‌పూర్ సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడి గాలి ఐదు శాతం దాకా పల్చన. “అంటే ఏటి? నలభైలో రెండు గుర్రాలు మన విజయనగరంలోనే ఉండిపోయాయి. మనతో రాలేదు” అంటాడు. కోరాపుట్ కొండెక్కితే మూడోది కూడా మానేస్తుందట. ఓరుగల్లు నుంచి వచ్చి బస్తర్ రాజ్యం నిలబెట్టాడని చెప్పే అన్నమదేవుడి ప్రస్తావన వచ్చినా, మేమందరం కాకతీయుల గురించి మాట్లాడుకుంటుంటే, ఆయన “అన్ని గుర్రాలూ పైకి తేగలిగాడు చూడు” అని నిట్టూరుస్తాడు.

దీనికి తోడు ఇటలీ ఒకటి. 1953లో ఫియట్‌వాళ్లు ఇదే 1089 సీసీ ఇంజిన్‌తో, ఇదే 68 మిల్లీమీటర్ల బోరు, 75 మిల్లీమీటర్ల స్ట్రోకుతో మామూలు కారులో 36 గుర్రాలే ఇచ్చి, టీవీ అనే హుషారు మోడల్లో యాభై దగ్గరికి లాగారు. రెండు గొంతుల వెబర్ కార్బొరేటర్, కాస్త ఎక్కువ కంప్రెషన్, అంతే. మిగతా పది గుర్రాలూ తన బానెట్ కిందే ఎక్కడో దాక్కున్నాయని చిన్నాన్న గట్టి నమ్మకం. 1949లో కంపెనీ పెట్టి, చిన్న ఫియట్లకి సైలెన్సర్లు మార్చి పందేలు గెలిపించిన కార్లో అబార్త్ గురించి మా కుటుంబంలో తెలియనివాళ్లు లేరు. మద్రాసు దగ్గర షోలవరం రన్‌వే మీద ఫియట్లు పరిగెత్తిన రోజుల్ని కళ్లారా చూసినట్టే చెబుతాడు. ఆయన మద్రాసు వెళ్లింది కంటి ఆపరేషన్‌కి, ఒకే ఒక్కసారి.

ఆ దాక్కున్న గుర్రాల్ని బయటికి లాగుదామనే హెడ్డు దింపించాడు. దాన్ని లేత్ మీద కొద్దిగా చెక్కిస్తే సిలిండర్ పైన జాగా తగ్గుతుంది, పెట్రోలూ గాలీ ఇంకా గట్టిగా నొక్కుకుని కాలతాయి, బలం పెరుగుతుంది. పెరిగింది కూడా. కానీ ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కేసరికి లోపల మేకులు పోసి కుదిపిన చప్పుడు. నాకింగ్. మా మిస్త్రీ హల్బీలో తప్ప మాట్లాడడు, అదీ అవసరమైతేనే. ఆయన టైమింగ్ వెనక్కి తిప్పాడు. చప్పుడు ఆగింది, దాంతోపాటు పెరిగిన బలమూ ఆగింది. ముందుకి తిప్పితే మేకులు, వెనక్కి తిప్పితే నీరసం. చివరికి మిస్త్రీ ఏమీ మాట్లాడకుండా ఒక గాస్కెట్ ఉండాల్సిన చోట రెండు వేసి హెడ్డు బిగించేశాడు. చెక్కించిన మందమెంతో, కొత్త గాస్కెట్ మందం ఇంచుమించు అంతే. రెండు కూలీలిచ్చి, మూడు వారాలు కారు షెడ్డులో పెట్టి, కుర్లావాళ్లు ఇచ్చిన ఇంజిన్‌కే చిన్నాన్న తిరిగి చేరుకున్నాడు. కేశ్‌కాల్ దిగి ఎక్కి వచ్చి ఏమన్నాడు? “తేడా తెలిసిందిరా!”

నిజానికి ఆయన చేసినవాటిలో పనిచేసినవన్నీ చవకవే. పాయింట్లు గీకి గ్యాప్ సరిచెయ్యడం, ట్యాపెట్లు సెట్ చెయ్యడం, టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకు డ్రమ్ము విప్పి వదులు చేయించడం. వాటి గురించి నోరెత్తడు. వంద రూపాయల పనిలో చెప్పుకోవడానికేముంది?

ఇక డిక్కీ. స్పానర్లు, రెండు జాకీలు, మూడు డిస్ట్రిబ్యూటర్ మూతలు, ఒక పాత ఫ్లైవీల్, రెండు కార్బొరేటర్లు, ఎప్పటికైనా పనికొస్తుందని ఒక సగం క్రాంక్‌షాఫ్ట్. ఒకసారి పెళ్లి సామాన్లు పెట్టుకుందామని మేం అదంతా దించితే కారు వెనక భాగం నాలుగంగుళాలు లేచింది. బలం పెంచే సామానంతా మోయడానికే ఆ పెరిగిన బలం చాలడం లేదని పిన్ని ఎప్పుడో కనిపెట్టింది. ఆవిడ ఇంజినీరింగ్ చదవలేదు కాబట్టి ఆ మాటకి విలువ లేదు.

ఇంతా చేసి, విజయనగరంలో పెళ్లంటే అందరూ కారులో వస్తారా అంటే, రారు. టైమింగ్ ఇంకా కుదరలేదు. అందుకని బైలాడిలా ఇనుము విశాఖ రేవుకి దించడానికి వేసిన కిరందుల్ లైను మీద పాసింజర్‌లోనే దిగుతారు. అరకు సొరంగాలొస్తే పిల్లలు కేకలేస్తారు. చిన్నాన్న ఒళ్లో తువ్వాలు మూట ఉంటుంది. అందులో కార్బొరేటర్. వైజాగ్‌లో జెట్లు దొరుకుతాయని.

బస్తర్ దసరా 75 రోజులు. ఆ రోజుల్లోనే కాస్త మనిషిలా ఉంటాడు. వందలమంది తాళ్లు పట్టుకుని పెద్ద కొయ్య రథాన్ని జగదల్‌పూర్ వీధుల్లో లాగుతుంటే మేం దండం పెట్టుకుంటాం. ఆయన చక్రాల వైపే చూస్తూ “ఫస్ట్ గేరు. టార్క్ అంటే అదీ” అని, ఆ తర్వాత దండం పెట్టుకుంటాడు.

పోయినేడు రాయ్‌పూర్‌లో ఉన్న కొడుకు కొత్త కారు కొన్నాడు. పద్మినికి రెండింతలకి పైగా గుర్రాలు. తండ్రి చేతికే తాళాలిచ్చి కేశ్‌కాల్ ఎక్కించమన్నాడు. పన్నెండు మలుపులూ నీళ్లు తాగినంత తేలిగ్గా అయిపోయాయి. తడిగుడ్డ లేదు, దగ్గు లేదు. పైకెక్కాక చిన్నాన్న దిగి, బానెట్ లేపాడు. లోపలంతా ఒక నల్ల ప్లాస్టిక్ మూత. చెవి ఆనించి చూశాడు. ఏ ట్యాపెట్టూ పలకలేదు. మూసేశాడు.

“బాగుందా నాన్నా?” అని కొడుకు.

“చాలా బాగుంది. మనం చెయ్యడానికే ఏటీ మిగల్లేదు.”

మర్నాడు నాకు ఫోను. కుశలాలు లేవు, కొత్త కారు ఊసు లేదు. వైజాగ్ నుంచి వచ్చేటప్పుడు పద్మినికి హెడ్ గాస్కెట్లు రెండు పట్టుకురమ్మన్నాడు. ఈసారి హెడ్డు చెక్కించేది ఇంకొక లేత్ మీదట, ఆ కుర్రాడికి చెయ్యి తిరిగిందట. వద్దని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు. కొట్టువాడు ఎన్ని కావాలంటే మూడిమ్మన్నాను.