మొద్దు మీద బాలు

మైపాడు దారిలో మా బావ ఇల్లు. మేడ మీద గదిలో ఆంప్లిఫయరు, దాని కింద మూడు నల్ల చెక్క ముక్కలు. సాలగ్రామాలను తుడిచినట్టు రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. "ఎబొనీ రా. ఇవి పెట్టాక శంకరాభరణంలో బాలు ఊపిరి తీసుకునేది కూడా ఇనబడతా ఉండాది" అన్నాడు. నెల్లూరు వాళ్ళం. బాలు మీద ఒట్టేస్తే నమ్మక చస్తామా!

ఆంప్లిఫయరు కింద చెక్కలు పెట్టే ఈ మతంలో ఒక్కో చెక్కకు ఒక్కో మహిమ. మేపుల్ పెడితే తీపి, ఎబొనీ పెడితే గాంభీర్యం. అమెరికాలో కార్డాస్ అనే కంపెనీ మర్టిల్ చెక్కను స్వర్ణ నిష్పత్తిలో, అంటే 1.618 లెక్కన కోసి అమ్ముతోంది. కరెంటు లెక్కల్లో ఇంత గట్టిదని మనకు తెలీకపోయె. క్లారినెట్లు చేసే ఆఫ్రికా ఎంపింగో కర్రతో బిళ్ళలు చేసి అమ్మిన వాళ్ళూ ఉన్నారు. క్లారినెట్ పాడుతుంది గనక దాని తాలూకు బిళ్ళా పాడుతుందని కాబోలు. పులుసు చట్టి కింద మామిడి పీట వేస్తే ఇక మామిడికాయ ముక్కలు వేయక్కర్లేదన్నమాట. (వెలిగొండల్లో ఎర్రచందనం ఉందని మాత్రం బావకు గుర్తు చేయకండి. జైలు దాకా పోగలడు.)

చెక్కకు సంగీతం రాదని నేననను. బొబ్బిలిలో ఒకే పనస మొద్దును తొలిచి వీణ చేస్తారు. తీగ వణుకు పనస కుండలోకి దిగి నాదమవుతుంది. అక్కడ చెక్కే గొంతు. ఆంప్లిఫయరులో తీగ లేదు, కుండ లేదు, ఉన్నది కరెంటు. తన కింద పనస ఉందో ప్లాస్టిక్కు ఉందో ట్రాన్సిస్టరుకు పట్టదు. రికార్డు ప్లేయరు సంగతి వేరు. దాని ముల్లు గాడిలో వెంట్రుకవాసి వంపుల్ని చదువుతుంది, నేల అదిరితే ఆ అదురునూ చదివేస్తుంది. పాత వాల్వు సెట్లూ తడితే గణగణమంటాయి. వాటి కింద మెత్తగా ఏదో ఒకటి వేయడం తెలివైన పనే. అరిగిన రబ్బరు చెప్పు ముక్కయినా చాలు. కాకపోతే చెప్పు ముక్కను చూపించి చుట్టాలకు గొప్పలు చెప్పుకోలేం.

చివరికి మా అక్కే తెగించింది. "కళ్ళకు తువాలు కట్టుకోండి, నేను మారుస్తా, మీరు చెప్పండి" అంది. ఎబొనీ పెడితే "ఇది ఉత్త బల్ల" అన్నాడు. ఉత్త బల్ల మీద పెడితే "కొంచెం తేలిక పడింది" అన్నాడు. మూడోసారి వంటింటి పొయ్యి పక్కనుంచి సరుగుడు మొద్దులు తెచ్చి పెట్టింది. "ఆహా! ఇదీ ఎబొనీ అంటే. సముద్రమంత లోతు!"

తువాలు విప్పాక సిగ్గుపడతాడనుకున్నా. కాసేపు మొద్దుల వంకే చూసి, "ఉప్పుగాలికి పెరిగింది కదరా, అందుకే" అన్నాడు.

ఈ తీరంలో ఎటు చూసినా సరుగుడు తోపులే. కొట్టిన కర్ర టన్నుల లెక్కన పేపరు మిల్లులకు పోతుంది. అందులోంచి మూడంగుళాల ముక్కలు నాలుగు కోయించుకు రమ్మని బావ నన్నే తరిమాడు. సముద్రం వైపు వాలిన చెట్టుదైతే మేలట. అడితిలో మనిషి ఓపిగ్గా విన్నాడు, కోశాడు, తూకం వేశాడు.

"పొయ్యిలోకేగా సామీ?"