చెవిలో స్పాంజి పెట్టుకుంటే మగతనం పోతుందట!

వారానికోసారి తుపాకీ పేల్చకపోతే నిద్రపట్టని అమెరికా పెద్దమనుషుల ముస్తాబు చూసి తీరాలి. తుపాకీకి మెత్తటి పెట్టె, గొట్టం తుప్పు పట్టకుండా నూనె, స్కోపు మీద దుమ్ము పడకుండా మూత, భుజం నొప్పి పుట్టకుండా రబ్బరు మెత్త. ఇంట్లో తుపాకుల బీరువాలోకి తేమ చేరకుండా ఇంకో యంత్రం. ఇన్ని జాగ్రత్తలూ అయ్యాక మిగిలేది చెవి. దాన్ని మాత్రం దేవుడికి వదిలేస్తారు. చెవుల్లో స్పాంజి ప్లగ్ ఎందుకు పెట్టుకోరని అడిగితే, "మా తాత పెట్టుకున్నాడా, మా నాన్న పెట్టుకున్నాడా? మాకు అలవాటైపోయింది" అని నవ్వేస్తారు. తాతను ఏదడిగినా మూడుసార్లు అరిచి అడగాల్సి వచ్చేదన్న సంగతి ఆ వంశచరిత్రలో ఎక్కడా రాదు.

చిన్నపాటి .22 రైఫిలు మోతే సుమారు 140 డెసిబెల్స్. షాట్‌గన్లు, వేట రైఫిళ్ళు 150 దాటి పైకి పోతాయి. .357 మాగ్నమ్ రివాల్వర్‌ది 160 పైమాటే. డెసిబెల్స్‌ది కిరాణా కొట్టు లెక్క కాదు: పది పెరిగితే శక్తి పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. అమెరికాలో కార్మికుల చెవులకు ఒక్కసారి కూడా దాటకూడదని పెట్టిన హద్దు 140. మన దేశంలో దీపావళి బాంబుకు సైతం చట్టం గీత గీసింది. పేలే చోటికి 4 మీటర్ల దూరాన శిఖర శబ్దం 145 డెసిబెల్స్ దాటే సరుకును తయారుచేయకూడదు, అమ్మకూడదు. లక్ష్మీబాంబు వత్తి అంటించి, పరుగెత్తి, రెండు చెవులూ మూసుకునే పిల్లవాడికున్న ఇంగితం, దవడకు ఆనించి తుపాకీ పేల్చే పెద్దవాడికి ఉండదు.

ఇక ఆ అలవాటు సంగతి. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో, ఒక్కో చెవికి సుమారు 16 వేల రోమకణాలుంటాయి. శబ్దాన్ని నరాలకు అందించేవి అవే. చచ్చినవి మళ్ళీ మొలవవు. కొత్తలో పేల్చిన రోజు చెవులు దిబ్బడ వేస్తాయి, గుయ్యిమంటాయి, తెల్లారేసరికి సర్దుకుంటాయి. ఇంకేం, చెవి బాగానే ఉందని ధీమా. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూసిందేమిటంటే, మోత తగ్గాక వినికిడి పరీక్షలో అంతా మామూలుగా తేలినా, రోమకణాలకూ నరాలకూ మధ్య లంకెలు కొన్నిచోట్ల సగందాకా తెగిపోయి ఉన్నాయి. మనవాడు అలవాటైందని చెప్పుకుంటున్నది ఈ చావు కబురే.

కోళ్ళకు ఈ బాధ లేదు. పక్షుల చెవుల్లో పోయిన రోమకణాలు తిరిగి పుట్టుకొస్తాయని 1980లలోనే తేలింది. టర్కీ కోడిని షాట్‌గన్‌తో కొట్టి పండగ చేసుకునే వేటగాడి కన్నా, చెవుల విషయంలో ఆ కోడి జాతకమే మెరుగు.

వేటగాళ్ళ వాదం ఇంకా ముచ్చటగా ఉంటుంది. చెవులు మూసుకుంటే జింక అలికిడి ఎలా వినపడుతుందంటారు. ఎండుటాకుల గలగలలోనూ, పుల్ల చిటుక్కుమనడంలోనూ ఉండేవి ఎక్కువగా హెచ్చు స్థాయి శబ్దాలు. తుపాకీ మోత ముందుగా మింగేది వాటినే. వినికిడి పరీక్ష కాగితంలో 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల గుంట పడుతుంది. కుడిచేతివాటం రైఫిలు షూటరుకైతే సాధారణంగా ఎడమ చెవి ఎక్కువ పోతుంది, ఎందుకంటే గొట్టం మూతికి దగ్గరగా ఉన్నది అదే, కుడి చెవికి తల అడ్డం. అలికిడిని పెంచి వినిపించి, పేలుడు రాగానే దాని గొంతు నొక్కే ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్‌లు బజారులో ఎన్నో ఉన్నాయి. "జింక కనపడ్డప్పుడు ఆ ఉత్సాహంలో మోతే వినపడదండీ" అని ఇంకో జవాబు. మెదడు పట్టించుకోకపోవచ్చు, రోమకణాలకు ఆ ఉత్సాహం సంగతి తెలియదు.

పెట్టుకునేవాళ్ళదీ ఒక వైభవమే. స్పాంజి ప్లగ్ సగం బయటికి వేలాడుతూ ఉంటుంది. ప్యాకెట్టు మీద 33 డెసిబెల్స్ అని అచ్చేశారు కదా అని భరోసా. అది ప్రయోగశాల అంకె. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా జాగ్రత్త లెక్కలో అందులోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తే వచ్చేది 13. సరిగా పెట్టాలంటే స్పాంజిని వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి దోపి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. అర నిమిషమే! ఈలోగా రెండు మ్యాగజైన్లు ఖాళీ చేసేయొచ్చు. అంతకన్నా తొందరున్నవాళ్ళు దూదో, టిష్యూ కాగితమో, ఏకంగా 9 ఎం.ఎం. ఖాళీ తూటా గొట్టాలో దూర్చుకుంటారు. ఎదుటివాడి చెవిలో పువ్వులు పెట్టేవాళ్ళను చూశాం గానీ, తన చెవిలో తానే పెట్టుకునేవాళ్ళు అరుదు.

తండ్రి తప్పును కొడుకు దిద్దబోయిన కథ ఒకటుంది. మెషిన్‌గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్ తన తుపాకుల మోతకే చెవిటివాడయ్యాడు. ఆయన కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ 1909లో సైలెన్సర్‌కు పేటెంటు తెచ్చుకున్నాడు. 1934 చట్టం దాని మీద 200 డాలర్ల పన్ను వేసింది. ఎనభై ఏళ్ళు గడిచాక తుపాకీ లాబీకి ఉన్నట్టుండి చెవులు గుర్తొచ్చాయి. ఆ పన్ను ఎత్తేయాలంటూ 2015లో తెచ్చిన బిల్లు పేరు వినికిడి రక్షణ చట్టం! 2017లో లాస్ వేగస్ కచేరీ మీద కాల్పులయ్యాక అది అటకెక్కింది. మరో చట్టం దారిన వచ్చి, 2026 జనవరి 1 నుంచి ఆ పన్ను సున్నా అయింది. సైలెన్సర్ మోతను 20, 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది, కాదనలేం. అయితే ధ్వనివేగాన్ని మించిన తూటా గాలిని చీల్చే చప్పుడు దానికి లొంగదు. 165లోంచి 30 తీసినా 135 మిగులుతుంది, అదీ 140 హద్దుకు అంచునే, కాబట్టి స్పాంజి అవసరం తప్పదు. ఆ ముక్క మీద మాత్రం ఇంత వీరావేశం కనిపించదు; దాని ఖరీదు పావలా మరి.

షూటింగ్ రేంజిలో పక్క వరసలో ఇంకో మహానుభావుడు గొట్టం మూతికి మజిల్ బ్రేక్ బిగించి ఉంటాడు. అది గ్యాసును పక్కలకు తోసి ఆయన భుజాన్ని కాపాడుతుంది, ఆ మోతను ఇరుగుపొరుగుకు పంచుతుంది.

మగతనమే కొలబద్ద అనుకుందాం. హైదరాబాదీ షూటర్ కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌లో ఆడిన ట్రాప్ పోటీలో, క్వాలిఫయింగ్‌కే గాల్లోకి ఎగిరే 125 డిస్కులు, ఒక్కోదానికి రెండు తూటాల దాకా. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నిబంధనల్లో చెవులు కాపాడుకోమని గట్టిగా చెప్పే ఉంది. పెట్టుకున్నందుకు ఎవరి పతకమూ వెనక్కి లాక్కోలేదు. ఇక హాలీవుడ్ కౌబాయ్ రోనాల్డ్ రీగన్: 1930లలో సినిమా సెట్టు మీద ఆయన చెవి పక్కన పిస్తోలు పేలింది, 1983లో దేశాధ్యక్షుడి హోదాలో చెవి మిషనుతో దర్శనమిచ్చాడు.

ఆయనంటే అధ్యక్షుడు. మామూలు ముసలాయనకు ప్రభుత్వపు వృద్ధుల ఆరోగ్య బీమా ఒరిజినల్ మెడికేర్ చెవి మిషనుకు పైసా ఇవ్వదు. 2022 అక్టోబరు నుంచి డాక్టరు చీటీ లేకుండానే షాపుల్లో అమ్ముతున్నారు గానీ, అవి వినికిడి కొద్దిగానో ఓ మోస్తరుగానో తగ్గినవాళ్ళకే. మగతనం మరీ ఎక్కువైనవాళ్ళు స్పెషలిస్టు దగ్గర లైన్లో కూర్చోవాల్సిందే. పేరు పిలిచినప్పుడు పక్కవాళ్ళు తట్టి చెబుతారు.