మనోళ్లున్నరు, ఫికరెందుకు?

బాన్సువాడ చుట్టుపక్కల పిల్లనిచ్చే ముందు నలుగురు పెద్దమనుషులు పోయి అబ్బాయి ఇల్లు చూసి వస్తారు. గోడలు ఇటుకవా, బోరులో నీళ్లున్నాయా, బాత్రూం లోపలుందా బయటుందా అని అన్నీ కనుక్కుంటారు. అదే అబ్బాయి దుబాయి పోతానంటే అక్కడ ఎక్కడ పడుకుంటాడని అడిగే నాథుడుండడు. పాస్‌పోర్టుకు నిజామాబాద్ చుట్టూ తిరుగుతారు, మెడికల్‌కు హైదరాబాద్ పోతారు, వీసా పైసలకు మూడు రూపాయల మిత్తికి అప్పు తెస్తారు, టికెట్ మీద పేరులో అక్షరం తప్పు పోయిందేమోనని ఇంటర్ చదివిన పిల్లలతో పదిసార్లు చదివిస్తారు. ఇల్లు సంగతి? దానికి జవాబు ఎప్పుడో తయారై ఉంది: "మనోళ్లున్నరు, ఫికరెందుకు?"

ఈ ఒక్క మాట మీద మా మహమ్మద్ నగర్ నుంచి మస్కట్ దాకా, బాన్సువాడ నుంచి బహ్రెయిన్ దాకా పెద్ద కిరాయి వ్యాపారమే నడుస్తోంది. ఏ దేశంలోనైనా ఇల్లు కిరాయికి కావాలంటే జీతం కాగితం, బ్యాంకు ఖాతా, గుర్తింపు కార్డు, అడ్వాన్సు అడుగుతారు. మనోళ్లు అవేవీ అడగరు. ఆ మాట చెప్పుకొని మురిసిపోతాం కూడా. కాగితం అడగనివాడు కాగితం ఇవ్వడని కనిపెట్టడానికి మనకు సముద్రం దాటాల్సి వస్తోంది.

మొదట ఈ మంత్రం చదివేది ఏజెంటు. "రూం ఫ్రీ, ఫుడ్ ఫ్రీ, ఓటీ ఉంటది, మొత్తం మనోళ్లే" అని ఒక్క గుక్కలో చెప్తాడు. ఆ రూం తన జేబులోంచి ఇస్తున్నట్టే ఉంటుంది ధోరణి. యూఏఈలో 2016లో ఒక ఉత్తర్వు వచ్చింది. 50 మంది, ఆపైన కార్మికులున్న కంపెనీ నెలకు 2,000 దిర్హాములలోపు జీతగాళ్లకు బస ఊరికే ఇచ్చి తీరాలని చెప్పింది. అంటే అక్కడి ప్రభుత్వం కంపెనీ నెత్తిన పెట్టిన బాధ్యతను ఇక్కడి ఏజెంటు తన దయగా అమ్ముకుంటున్నాడు, మన దగ్గర లక్షలు తీసుకొని. ఇక ఆ ఫ్రీ రూం ఎంత ఉంటుందో కూడా అక్కడి వాళ్లే రాసిపెట్టారు: 2009 నాటి ప్రమాణాల ప్రకారం మనిషికి కనీసం 3 చదరపు మీటర్లు. మన లెక్కలో మూడున్నర గజాల పైచిలుకు. బాన్సువాడలో వంద గజాల ప్లాటు చూసి "గింతేనా, కోళ్లగూడు గూడ రాదు" అని మూతి తిప్పిన మనిషి ఆ మూడున్నర గజాల కోసం అప్పు చేస్తాడు.

ఆ మూడున్నర గజాలైనా కింద ఉంటాయా, పైన ఉంటాయా అన్నది ఇంకో పెద్ద సమస్య. సోనాపూర్, అల్ కూజ్, జెబెల్ అలీ క్యాంపుల్లో ఇనుప మంచం రెండంతస్తులు. కింది మంచం సీనియర్లది. కొత్తవాడు పైకెక్కాలి. పై మంచానికి ఏసీ గాలి సూటిగా తగులుతుంది, లేదా అసలు తగలదు, మధ్యేమార్గం ఉండదు. కింది మంచం వాడు నాలుగు వైపులా దుప్పటి పరదాగా కట్టుకొని, లోపల ఫోన్ చార్జర్, దేవుడి పటం, పిల్లల ఫొటో పెట్టుకొని ఒక సంసారమే నడుపుతాడు. కింది మంచం ఖాళీ కావాలంటే దాని మీది మనిషి వీసా క్యాన్సిల్ కొట్టించుకొని ఊరికి పోవాలి. ఆ కబురు కోసం కాచుకున్నంత ఆత్రంగా మన దగ్గర సర్పంచ్ ఎన్నికల నోటిఫికేషన్ కోసం కూడా కాచుకోరు.

అయినా కంపెనీ వీసా మీద పోయినవాడు అదృష్టవంతుడే. అసలు కథ ఆజాద్ వీసా మీద, విజిట్ వీసా మీద పోయినవాడిది. ఆజాద్ వీసాలో కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, పేరుకే ఉంటాడు. పని, కూడు, పడక అన్నీ మనమే వెతుక్కోవాలి. దుబాయిలో ఇల్లు తీసుకోవడమంటే ఆషామాషీ కాదు. ఎమిరేట్స్ ఐడీ ఉండాలి. ఏడాది కిరాయికి ముందు తేదీలు వేసిన చెక్కులు ఒకటో, రెండో, నాలుగో రాసివ్వాలి. చెక్కుబుక్కు కావాలంటే బ్యాంకు ఖాతా, ఖాతాకు జీతం, జీతానికి పని ఉండాలి. ఆ ఒప్పందం ఎజారీ అనే కిరాయి ఒప్పందాల రిజిస్టరులో నమోదు కావాలి. కరెంటు, నీళ్ల కనెక్షన్‌కు దేవా సంస్థ దగ్గర డిపాజిట్ కట్టాలి. పేరు దేవా అయినంత మాత్రాన కరుణించదు. ఇవన్నీ నిన్న విమానం దిగిన మహమ్మద్ నగర్ మనిషి దగ్గర ఎక్కడుంటాయి? అదిగో, అప్పుడు రంగంలోకి దిగుతాడు మనోడు.

ఈ మనోడు అయిదారేళ్ల ముందు వచ్చాడు. కాగితాలున్నాయి. సత్వాలోనో, దేరాలోనో ఒక ఫ్లాటు తన పేరున తీసుకుంటాడు. హాలును ప్లైవుడ్‌తో మూడు ముక్కలు చేస్తాడు. ముక్కను పార్టిషన్ అంటారు. పార్టిషన్‌లో మంచాలు వేస్తాడు. మంచాన్ని బెడ్‌స్పేస్ అంటారు. బెడ్‌స్పేస్‌లో అప్పర్‌కో రేటు, లోయర్‌కో రేటు. కిటికీ ఉన్న పార్టిషన్‌కు ఎక్కువ, లేనిదానికి తక్కువ. బాల్కనీని కూడా మూసేసి గదిగా ఇస్తారు. ఎండాకాలం దుబాయి బాల్కనీలో పడుకోవడానికి పైసలు కట్టే జాతి భూమ్మీద ఇంకోటి ఉందో లేదో నాకు తెలియదు. కొన్నిచోట్ల ఒకే మంచం పగలు నైట్ డ్యూటీ వాడిది, రాత్రి డే డ్యూటీ వాడిది. ఒకడి వేడి చల్లారకముందే ఇంకొకడు పడుకుంటాడు. కిరాయి మాత్రం ఇద్దరి దగ్గరా వస్తుంది. మీరు కష్టమని మొహమాటంగా అన్నారనుకోండి, మనోడు భుజం తట్టి, "గిట్లనే ఉంటది తమ్మీ, రెండు నెలలు అడ్జస్ట్ కా" అంటాడు. అదే తమ్ముడికి రెండో నెల కిరాయి మూడు రోజులు ఆలస్యమైతే పెట్టె వరండాలోకి వస్తుంది. వరసలు కలిపింది అడ్వాన్సు తీసుకునే రోజు వరకే.

ఇందులో చట్టం ఏమంటుందో కూడా విందాం, కాస్త నవ్వుకోవచ్చు. దుబాయి 2007 నాటి 26వ నంబరు చట్టం ప్రకారం యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా కిరాయిదారు ఇంకొకరికి ఇల్లు ఇవ్వరాదు. ఇస్తే ఇద్దరినీ ఖాళీ చేయించవచ్చు. నష్టపోయిన లోపలి మనిషి మధ్యవాడి మీద పరిహారం కోరవచ్చు. ఎంత బాగుంది! ఆజాద్ వీసా మీద ఇటుకలు మోసేవాడు ఒకరోజు పని మానుకొని, వకీలును పెట్టుకొని, తన ఊరివాడూ తన మేనత్త ఆడపడుచు కొడుకూ అయిన మనోడి మీద దావా వేస్తాడన్నమాట. 2025 జూన్‌లో దుబాయి మున్సిపాలిటీ రిగ్గా, మురక్కబాత్, బర్షా, సత్వా ప్రాంతాల్లో ఈ పార్టిషన్లను కూల్చే పని పెట్టుకుంది. తప్పని నేననను. కానీ కూలింది ప్లైవుడ్. సూట్‌కేసుతో రోడ్డు మీదికి వచ్చింది మంచం వాడు. అలాంటి రోజున మనోడి ఫోన్ స్విచాఫ్‌లో ఉంటుందని చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

ఆ ప్లైవుడ్ గురించి ఎగతాళి ఇక్కడ ఆపుతాను. 2023 ఏప్రిల్‌లో దుబాయి అల్ రాస్‌లో ఒక అపార్ట్‌మెంటు భవనం అంటుకొని 16 మంది చనిపోయారు. 2024 జూన్ 12న తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం కాలింది. సుమారు 50 మంది పోయారు, అందులో 45 మంది భారతీయులు, వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. గదుల మధ్య అడ్డంగా పెట్టిన మండే సామాను వల్లే మంట అంత వేగంగా పాకిందని అధికారులు చెప్పారు. అది కంపెనీ ఇచ్చిన బస. రూం ఫ్రీ.

"ఇదంతా చదువురాని కూలోళ్ల గోస, మా బాబు అమెరికాకు ఎం.ఎస్.కు పోతున్నడు" అని ఎవరైనా ఊపిరి పీల్చుకుంటే, దయచేసి పీల్చుకోకండి. డల్లాస్‌లో దిగిన బాబుకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండదు, క్రెడిట్ చరిత్ర ఉండదు, కిరాయికి మూడింతల ఆదాయం చూపించమంటే నాన్న పొలం పాస్‌బుక్కు పనికిరాదు. కాబట్టి అక్కడా మనోళ్లే దిక్కు. రూమ్మేట్ల కోసం వాళ్లిచ్చే ప్రకటనల తీరు ఇలా ఉంటుంది: "డీసెంట్ తెలుగు అబ్బాయి కావలెను. వెజ్ అయితే మేలు. హాల్ షేరింగ్. మనోళ్లకు ప్రాధాన్యం." హాల్ షేరింగ్ అంటే సోఫా వెనక నేల మీద పరుపు. దుబాయి బెడ్‌స్పేస్‌కు ఇంగ్లీషు చొక్కా తొడిగితే అదే. మనోళ్లంటే ఎవరని ఫోన్‌లో అడిగితే, ముందు మీ ఇంటిపేరు అడుగుతారు, తర్వాత ఊరు, ఊళ్లో ఏ వాడ అని. అమెరికాలో 1968 నుంచి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఉంది; జాతి, మతం, పుట్టిన దేశం చూసి ఇంటి యజమాని ఇల్లు లేదనకూడదు. తెల్లవాడు నోరెత్తలేని ప్రశ్నను మనవాడు వంకాయ కూర కలుపుకుంటూ హాయిగా అడుగుతాడు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం ఇల్లు, ఉద్యోగం విషయాల్లో కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసుకోవలసి వచ్చింది. కులమంటే ఏమిటో సియాటిల్‌కు ఎవరు నేర్పి ఉంటారు? ఖచ్చితంగా అక్కడి సాల్మన్ చేపలైతే కాదు.

ఇంకొకటి గుర్తుకొస్తోంది. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో ఫెర్గస్ విల్సన్ అనే మహానుభావుడికి వందల ఇళ్లు. కూర వాసన కార్పెట్లకు పట్టుకుంటోందని, "కలర్డ్" మనుషులకు తన ఇళ్లు ఇవ్వొద్దని ఏజెంటుకు రాశాడు. 2017 నవంబరులో మెయిడ్‌స్టోన్ కోర్టు అది చట్టవిరుద్ధమని తేల్చి అడ్డుకుంది. ఆ వార్త విని మన రక్తం ఎంత ఉడికిందో! మన పోపును అవమానిస్తారా అని ఊగిపోయాం. అలా ఊగిపోయినవాళ్లలో ఎంతమంది అమీర్‌పేటలో తమ పై పోర్షన్ గేటుకు "వెజిటేరియన్లకు మాత్రమే" అని బోర్డు కట్టారో లెక్క తీస్తే బాగుండేది. విల్సన్‌ను ఆపడానికి అక్కడ చట్టం ఉంది. ఇక్కడ ప్రైవేటు ఇంటి ఓనరును ఆపే అలాంటి సమగ్రమైన చట్టం లేదు. అందుకే ఇక్కడ విల్సన్‌లు గుంపులుగా, ప్రశాంతంగా బతుకుతున్నారు.

మా వైపు ఇలా దేశం దాటి గూడు వెతుక్కోవడం కొత్త ముచ్చటేం కాదు, కాకపోతే అప్పుడు దారి ఎదురు దిక్కులో ఉండేది: బయటివాళ్లే ఇటు వచ్చేవాళ్లు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక గుంటూరు, కృష్ణా జిల్లాల రైతులు ఈ ఆయకట్టుకు వచ్చారు. బ్రిటిష్ ఇండియా నుంచి నిజాం రాజ్యానికి రావడమంటే అప్పట్లో వేరే దేశం కిందే లెక్క: వేరే సిక్కా, వేరే దఫ్తరు, దఫ్తరులో వేరే భాష. పల్లెల్లో కిరాయి ఇళ్లెక్కడివి? పొలం గట్టునే గుడిసెలు వేసుకున్నారు. బాన్సువాడ, వర్ని, బోధన్ చుట్టూ ఆ గుడిసెల చోట లేచిన ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తున్నాం. వాళ్లు చేసిన తెలివైన పని ఒక్కటుంది. మనోడున్నాడన్న మాట మీద రాలేదు. భూమి కొని, పట్టా రాయించుకొని, ఆ కాగితం మీద నిలబడ్డారు. అదే ఆయకట్టు ఊళ్ల నుంచి ఈనాడు ఎడారి క్యాంపులకు పోతున్న పిల్లల చేతిలో ఉన్నది ఒక ఫోన్ నంబరు మాత్రమే.

పదిహేనేళ్లు పై మంచం మీద పడుకున్న మనిషి తిరిగొచ్చి ఊళ్లో ఏం చేస్తాడు? రెండంతస్తుల భవంతి కడతాడు. ముందు గ్రానైట్ మెట్లు, పైన సింహం బొమ్మలు, గేటుకు బంగారు రంగు. మహమ్మద్ నగర్ మండల కేంద్రం అయింది కదా, బదిలీ మీద వచ్చే ఉద్యోగికో టీచరుకో పై అంతస్తు కిరాయికి ఇవ్వొచ్చు. ఇస్తాడు కూడా. కాకపోతే ముందు నాలుగు ముక్కలు మాట్లాడతాడు. "మీరేమిటోళ్లు సార్? నీసు తింటరా? చుట్టాలు ఎక్కువ వస్తరా? బ్యాచిలర్లా?" ఆ టీచరు ఊళ్లో పిల్లలకు సామాజికశాస్త్రం చెప్పడానికి వచ్చాడు. వేరే కులమో, వేరే మతమో అని తెలిసిన మరుక్షణం పై అంతస్తు ఖాళీ లేకుండా పోతుంది. తాళం వేసిన గదుల్లో దుబాయి దుప్పట్లు ప్లాస్టిక్ కవర్లు విప్పకుండా పడి ఉంటాయి, సారు బాన్సువాడ నుంచి బస్సులో వచ్చి పోతుంటాడు. పరాయి దేశంలో పడ్డ అవమానం మనిషికి బుద్ధి నేర్పుతుందని ఎవరన్నారో గాని, మా మండలంలో దానికి సాక్ష్యం తక్కువ. అక్కడ అనుభవించినదాన్ని ఇక్కడ ఇంకొకరికి అంటగట్టే నైపుణ్యం మాత్రం బాగా నేర్చుకొచ్చాం. ఇదొక్కటే కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకున్న సామాను.

సరే, పోయేవాళ్లు పోతూనే ఉంటారు. వద్దనడానికి నేనెవరిని, ఇక్కడ పని చూపించలేనివాణ్ణి. ఇంట్లో పెద్దమనుషులకు మాత్రం ఒక మనవి. ఈసారి ఏజెంటు గుమ్మం ఎక్కి "మనోళ్లున్నరు" అన్నప్పుడు చాయ్ పోయండి, తర్వాత ఆ మనోడి పేరు, చిరునామా కాగితం మీద రాయమనండి. లైసెన్సున్న ఏజెంటయితే సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు, రసీదు అడగండి. మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ఒప్పంద పత్రంలో బస అన్న గడి ఉంటుంది, అందులో ఏం రాశారో చదివించండి. సొంతంగా గది తీసుకునేవాడైతే ఎజారీ ఎవరి పేరున ఉందో, ఆ ఇంట్లో ఉండేవాళ్ల జాబితాలో తన పేరు ఎక్కిస్తారో లేదో అడగమనండి. 2022 నుంచి దుబాయిలో ఆ నమోదు తప్పనిసరి. కోపం వచ్చి మనోడు ఫోన్ పెట్టేస్తే పెట్టేయనివ్వండి. పేరు ఎక్కించనివాడికి అడ్వాన్సు ఇవ్వకండి, వాడు సొంత బావమరిది అయినా సరే.