కాఫీకి పట్టిన మడి

పంచదార వేసుకుంటే అది కాఫీ కాదట. చికోరీ కలిస్తే కాదట. పాలు పోస్తే కాదని ఒకరు, పొయ్యకపోతే వట్టి కషాయమని ఇంకొకరు. ఈ లెక్కన ఇన్నాళ్లుగా పొద్దున్నే లేచి మనమంతా తాగుతున్నదేమిటో ఎవరైనా పంచాయితీ పెట్టి తేల్చాలి.

ఎవరి ఇష్టం వాళ్లది అనుకుంటే గొడవే లేదు. ఏ కాఫీ హోటల్ కౌంటర్ దగ్గరైనా ఓ పావుగంట నిలబడండి. ఒకటి స్ట్రాంగ్, ఒకటి లైట్, షుగర్ తక్కువ, అసలొద్దు, రెండు బై టూ, నురగ తీసెయ్. మాస్టారు తిరగబోస్తూనే అన్నీ వింటాడు. ఎవరినీ కారణం అడగడు, ఎవరి వంకా జాలిగా చూడడు. నాకు తెలిసిన కాఫీ పండితుడు ఆయనొక్కడే. నా పేచీ అంతా తమ ఇష్టానికి జంధ్యం వేసి పీట మీద కూర్చోబెట్టినవాళ్లతో. వాళ్లు తమది తాము తాగి ఊరుకోరు. పక్కవాడి గ్లాసులోకి తొంగిచూసి, పెదవి విరిచి, "పాపం" అంటారు.

మొదటి మఠం ఫిల్టరు వాళ్లది. ఇత్తడి ఫిల్టరు, పీబెర్రీ గింజ, కళ్లెదుట మరపట్టించిన పొడి, చిక్కటి గేదె పాలు. అన్నీ బాగున్నాయి, ఆ వాసనకి వీధిలో ఆగిపోయే బాపతే నేనూ. కానీ చికోరీ అన్న మాట చెవిన పడితే చాలు, వంటింట్లో మైల పడ్డట్టు లేస్తారు. అది ఏం పాపం చేసిందయ్యా? ఒక మొక్క వేరు. వేయించి పొడి చేస్తారు. కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ చిరుచేదూ ఉంటాయి. ఇంగ్లండు మీద పగతో నెపోలియన్ ఓడ సరుకులు ఆపేస్తే, కాఫీకి మొహం వాచిన ఫ్రెంచివాళ్లు ఈ వేరు పట్టుకుని బతికారు. మన చట్టం కూడా ఒప్పుకుంది: కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత కలిపారో ప్యాకెట్ మీద రాయాలి. రాయకుండా కలిపినవాణ్ణి జైల్లో వేయించండి, నేనూ వస్తాను. రాసి కలిపినవాడి మీద ఈ చిందులెందుకు? "ఆ రోజుల్లో మా అమ్మమ్మగారింట్లో కాఫీ అంటేనా..." అని కళ్లు మూసుకుని తలుచుకునే ఆ నల్లటి చిక్కటి డికాషన్‌లో చికోరీ వాటా కూడా ఉండిందని ఎవరైనా చెబితే ఈ పెద్దమనుషులు ఏ పుణ్యనదికి బయల్దేరతారో!

అసలు కాఫీకి వంశశుద్ధి ఎక్కడిది? చెప్పుకునే కథ ప్రకారం, పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలు రహస్యంగా దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడు. దొంగచాటుగా సముద్రం దాటొచ్చిన సరుకు. అది మన వంటిళ్లలో అడుగుపెట్టినప్పుడు, చద్దన్నం మాని ఈ నల్లనీళ్లేమిటని తిట్టిన ఆచారవంతుల మనవలే ఇవాళ దానికి ఆచారం కట్టారు. కట్టడమంటే మాటవరసకి కాదు. ఒకప్పుడు కాఫీ హోటళ్ల బోర్డుల మీద కులం పేరు ఉండేది. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక కేఫ్ బోర్డు మీది "బ్రాహ్మణ" అన్న మాట తీయించడానికి పెరియార్ అనుచరులు ఆందోళన చేసి జైళ్లకి వెళ్లాల్సి వచ్చింది. మన పల్లెల్లో టీ హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఎవరైనా "స్వచ్ఛమైన కాఫీ" అనగానే నాకు వాసన కన్నా ముందు ఆ గ్లాసులు గుర్తొస్తాయి.

సరే, ఈ మడి కాఫీ కలిపేదెవరు? రసజ్ఞుల్లో చాలామందికి ఫిల్టరులో పై గిన్నె ఏదో కింది గిన్నె ఏదో తెలియదు. పొడి మరీ అదిమితే డికాషన్ దిగక మొరాయిస్తుందనీ, వదిలేస్తే నీళ్లనీళ్లగా జారిపోతుందనీ తెలిసింది ఐదింటికే లేచిన ఇల్లాలికి. మొదటి డికాషన్ ఆయనకీ ఆయన స్నేహితులకీ. అదే పిప్పి మీద మళ్లీ వేణ్ణీళ్లు పోస్తే దిగే రెండోది ఆవిడకి. ఆపైన మిగిలితే పనిమనిషికి. రెండో డికాషన్‌ని కాఫీ అనడమే తప్పని ఆయన హాల్లో ఉపన్యసిస్తుంటే, ఆవిడ వంటింట్లో అదే తాగుతూ వింటుంది. రుచి సంగతి ఆవిణ్ణి అడిగిన మఠం ఇంతవరకూ లేదు.

రెండో మఠం కుర్రాళ్లది. జూబ్లీహిల్స్‌లోనో విశాఖ బీచ్ రోడ్డులోనో వెలుస్తుంది. ఇక్కడ పాలకీ పంచదారకీ కూడా ప్రవేశం లేదు. గ్రాముల త్రాసు, థర్మామీటరు, కొంగమెడ కెటిలు. 15 గ్రాముల పొడికి 240 గ్రాముల నీళ్లు, వేడి 92 డిగ్రీలు, గుండ్రంగా తిప్పుతూ పొయ్యాలి, మధ్యలో పలకరించకూడదు. సంధ్యావందనం నామోషీ అనుకున్న కుర్రాడు దీనికి మాత్రం నియమం తప్పడు. తర్వాత కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని "కమలాఫలం, మల్లెపూలు, చివర్లో కాస్త బెల్లం" అంటాడు. అబద్ధమని నేననను. మంచి అరబికాని ముదరకుండా వేయిస్తే పళ్ల పులుపు నాలుకకి తెలుస్తుంది, అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు ఊరికే రాలేదు. కానీ "పుల్లగా ఉందిరా, ఓ చెంచా పంచదార పడెయ్" అన్న తాతయ్యతో "మీ నాలుక పాడైపోయింది తాతయ్యా" అనమని ఆ కమలాఫలం ఎప్పుడు చెప్పింది? తోట ఎంత ఎత్తున ఉందో చాలా ప్యాకెట్ల మీద మీటర్లతో సహా రాస్తారు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య ఆ పళ్లు కోసిన గిరిజన రైతుకి కిలోకి ఎంత ముట్టిందో రాసిన ప్యాకెట్లు ఎన్ని? అది నాలుకకి తెలిసే రుచి కాదు కాబోలు.

ఈ రెండు మఠాలకీ ఒకరంటే ఒకరికి పడదు. ఇన్‌స్టంట్ తాగేవాడు నరకానికి పోతాడన్న ఒక్క మాట మీద మాత్రం ఏకాభిప్రాయం. హాస్టల్ కుర్రాడూ, నైట్ డ్యూటీ నర్సూ, ఒంటరిగా ఉండే పెద్దాయనా అందరూ ఆ బండిలోనే. పసుపు మార్కెట్‌కి పేరుపడ్డ గుంటూరు జిల్లా దుగ్గిరాలలో తయారయ్యే ఇన్‌స్టంట్ కాఫీ దేశదేశాలకీ పోతోంది, విదేశీ పేర్ల సీసాల్లో కూడా అమ్ముడవుతోంది. అలాంటి సీసా ఒకటి అమెరికా అల్లుడు విమానంలో తెచ్చాడనుకోండి, మఠాధిపతి మామగారు కళ్లకద్దుకుని షోకేసులో పెడతారు.

1781లో ప్రష్యా రాజు ఫ్రెడరిక్, కాఫీ వేయించే హక్కు ప్రభుత్వానిదే అని శాసించి, చాటుగా వేయించేవాళ్లని పట్టుకోవడానికి మాజీ సైనికుల్ని వీధుల్లో వాసన చూస్తూ తిరగమన్నాడు. వాళ్లకి జీతమైనా ముట్టింది. మనవాళ్లు ఉచితంగా తిరుగుతున్నారు, ఆదివారం కూడా సెలవు తీసుకోరు.

ఇంతటి మడివాళ్లూ లొట్టలేసే సరుకు ఒకటుంది. ఇండోనేషియాలో కోపి లువాక్ అంటారు, కొడగులోనూ చేస్తున్నారు. పునుగు పిల్లి జాతి జంతువొకటి కాఫీ పళ్లు తింటుంది. గుజ్జు అరుగుతుంది, గింజ అరగదు. పెంటలోంచి ఆ గింజలు ఏరి, కడిగి, వేయించి, కిలో వేలకి వేలు పెట్టి అమ్ముతారు. గిరాకీ పెరిగి కొన్నిచోట్ల ఆ జంతువుల్ని బోనుల్లో బంధించి కాఫీ పళ్లే మేపుతున్నారు కూడా. వేరుముక్క కలిస్తే మైల, పిల్లి పేగుల్లోంచి వస్తే ప్రసాదం. చెంచా పంచదార అడిగిన చుట్టాన్ని ఎగాదిగా చూసిన పెద్దమనిషే ఆ డబ్బాని రెండు చేతులా అందుకుని, కళ్లజోడు సవరించుకుని, ఎక్కడైనా చికోరీ కలిసిందేమోనని అట్ట మీది అక్షరాలు ఒక్కొక్కటే చదువుతాడు.