కేకు ముందు, కోత వెనక

2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దాదాపు 6,900 కోట్ల డాలర్లు పోసి గేముల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనేసింది. పెళ్లి పందిరి విప్పకముందే ఇంటివాళ్లను గెంటినట్టు, 2024 జనవరిలో గేమింగ్ విభాగం నుంచి 1,900 మందిని సాగనంపింది. అదే ఏడాది సెప్టెంబరులో మరో 650 మంది వంతు.

జనవరి కోత ఎందుకయ్యా అంటే, రెండుచోట్లా ఒకే పని చేసేవాళ్లు ఉన్నారట! మరి కొనేముందు కోర్టులో ఆ కంపెనీ దారి దానిదేనన్నారు కదా అని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిలదీసింది. అబ్బే, చాలా కొలువులు తీసెయ్యాలని మేం కొనకముందే వాళ్లు అనుకున్నారని మైక్రోసాఫ్ట్ జవాబు!

2025 జులైలో మైక్రోసాఫ్ట్ మొత్తమ్మీద ఇంకో 9,000 మందికి ఉద్వాసన. కొలువు పోయిన బెంగను కృత్రిమ మేధతో చెప్పుకొని తీర్చుకోండని గేమింగ్ విభాగం ఎక్స్‌బాక్స్ అధికారి ఒకరు ఉచిత సలహా పారేసి, జనం దుమ్మెత్తి పోశాక చెరిపేసుకున్నారు.

ఈ తొలగింపులు తన మనసుకు పెద్ద భారమయ్యాయని మైక్రోసాఫ్ట్ అధినేత, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల గారు సిబ్బందికి లేఖ రాశారు. 2025 ఆర్థిక సంవత్సరానికి ఆయన ప్రతిఫలం, షేర్లతో కలిపి, 9.65 కోట్ల డాలర్లు. అంత భారం మోసినందుకు ఆ మాత్రం కూలి గిట్టొద్దూ!

ఐటీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఆఫీసులో విలీనం కేకు పంచితే తినండి. కానీ ఆ సాయంత్రమే బయోడేటా దుమ్ము దులపండి. కేకయ్యాక కోసేది కొలువులనే.