దీపం కింద మురుగు

ఉస్మాన్‌గంజ్ మోరీలో పుట్టిన బ్యాక్టీరియా అంత అదృష్టం ఈ హైదరాబాద్ నగరంలో ఇంకెవరికీ లేదు. గట్టి వాన పడితే టోకు దుకాణాల గడపలెక్కి ఊరేగుతుంది. పడకపోతే నాలాలో జారి, కూతవేటు దూరంలోని మూసీలో కలుస్తుంది. పాస్ అడిగేవాడు లేడు, టోల్ కట్టే పని లేదు.

దీని పీచమణచడానికి ఒక దివ్యాస్త్రం ఉంది: యూవీ దీపం. 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి తగిలితే బ్యాక్టీరియా డీఎన్‌ఏ ముడిపడిపోతుంది, ఇక పిల్లల్ని కనలేదు. క్లోరిన్ కంపు ఉండదు. మార్సెయ్ నగరం 1910లోనే తాగునీటికి వాడి చూసింది. పైగా ఆ కాంతి కంటికి కనపడదు. పనిచేస్తోందో లేదో జనానికి తెలియని పథకం కన్నా పాలకులకు కావలసిందేముంది?

కానీ ఈ దీపానికి మహా పట్టింపు. నీళ్లు తేటగా ఉండాలి. మడ్డి రేణువు చాటున నక్కిన బ్యాక్టీరియాను అది ముట్టుకోదు. గాజు తొడుగుకు పాచి పట్టకుండా తుడుస్తూ ఉండాలి, కరెంటు పోకూడదు. అంటే దీపం దాకా వచ్చేసరికే ముప్పాతిక పని అయిపోవాలి. మనకు గిట్టనిది ఆ ముప్పాతికే. పూడిక తీస్తుంటే ఫొటోకు ఎవరు నిలబడతారు?

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య జలాశయాలతో పాటు భూగర్భ మురుగు కాలువలకూ ప్రణాళిక ఇచ్చారు. జలాశయాల దగ్గర సెల్ఫీలు దిగుతున్నాం, కాలువల్లో ప్లాస్టిక్ సంచులు కుక్కుతున్నాం. అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. జలమండలి రూ.3,866 కోట్లతో ఇంకో 31 కేంద్రాలు తలపెట్టింది. సంతోషం. వాటి గుమ్మం దాకా రాకుండా నాలా దారి పట్టిన మురుగును ఏ దీపం కాలుస్తుంది?

మందుల కంపెనీల ఘనత మరీ గొప్పది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం 'శుద్ధి చేసి' వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు తేల్చారు. రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. అక్కడ మందు తాగించి ముదరబెట్టిన బ్యాక్టీరియాను ఇక్కడ దీపం చూపించి బెదిరిస్తామంటే అది నవ్వదూ?

దీపాలు కొనండి సార్, వద్దనం. టెండరులో ఒక్క షరతు చేర్చండి: ఉస్మాన్‌గంజ్ మోరీ నీళ్లు శుద్ధి కేంద్రానికి చేరి, తేటపడ్డాకే స్విచ్ నొక్కాలి. కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు, ఇప్పట్లో రాదు.